ఉపగ్రహం గారి సాక్ష్యం

పోడు భూముల పంచాయితీలో మన అధికార యంత్రాంగానికి ఒక బ్రహ్మాండమైన సాక్షి దొరికారు. ఆయన ఉండేది 817 కిలోమీటర్ల ఎత్తున. బత్తా అడగరు, బస్సు చార్జీ అడగరు, ఎవరికీ మేనమామ కారు, ఏ పార్టీ కండువా కప్పుకోరు. అన్నిటికీ మించి, ఎదురు ప్రశ్న వేద్దామంటే దిగిరారు. అందుకే ఇల్లెందు నుంచి చర్ల దాకా పోడు మాట ఎత్తితే చాలు, "శాటిలైట్ అబద్ధం చెప్పదు" అనే జవాబు తయారుగా ఉంటుంది. ఒప్పుకుందాం, చెప్పదు. నిజమూ చెప్పదు. అసలు దానికి నోరే లేదు. ఆ బొమ్మను కంప్యూటర్ మీద పరుచుకుని, ఇది అడవి, ఇది చేను, ఇది ఎటూ కాని తుప్ప అని గీతలు గీసే మనిషి ఒకడుంటాడు. మాట్లాడేదంతా వాడే. ఆ గీతలు గీసినవాడి పేరు పట్టా దరఖాస్తు తిరస్కరణ కాగితం మీద ఉండదు. పైవాడు చూశాడు, అంతే. పూర్వం పైవాడంటే రాములవారు. ఇప్పుడు ఆ పదవి ఖాళీ అయినట్టుంది.

సాక్షి గారి చూపు సంగతి కాస్త చూద్దాం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనుడు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి సాగు చేస్తూ ఉండాలి. ఆ రోజుల్లో మనకు పైన కాపలా ఉన్న పెద్దమనుషుల్లో ముఖ్యులు 2003 అక్టోబర్‌లో ఎగిరిన రిసోర్స్‌శాట్-1 గారు. అందులో అడవుల లెక్కకు వాడే లిస్-3 కెమెరాకు కనిపించే అతి చిన్న చుక్క 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే సుమారు అయిదున్నర గుంటలు. ఎకరం పోడు మొత్తం ఆ బొమ్మలో ఏడు చుక్కలు. ఆ ఏడింట్లో గట్టు మీదివి, పక్క అడవిని కాస్త కలుపుకున్నవి తీసేస్తే చేను అని ధైర్యంగా చెప్పగలిగినవి రెండో మూడో. ఒక కుటుంబం పదిహేనేళ్ల చెమటకు దక్కిన ప్రాతినిధ్యం అది. పైగా సాక్షి గారు మన నెత్తి మీదికి వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, అదీ 24 రోజులకోసారి. ఈ వేళల వరకు ఆయన అచ్చంగా ప్రభుత్వ ఉద్యోగే. జొన్న, కంది పచ్చగా పెరిగే వానాకాలంలో గోదావరి ఒడ్డున మబ్బు పడితే కింద ఏముందో ఆయనకు తెలియదు. అందుకే అడవుల లెక్కకు అక్టోబర్, డిసెంబర్ మధ్య తీసిన మబ్బులేని బొమ్మలు ఏరుకుంటారు. అప్పటికి జొన్న కంకి ఇంటికి చేరి ఉంటుంది. ఇంతకన్నా నిశితమైన కెమెరాలు లేవా అంటే ఉన్నాయి. 2005 మే నెలలో ఎగిరిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల దాకా చూడగలిగేది. కాకపోతే నలుపు తెలుపులో చూసేది. నలుపు తెలుపులో జొన్నకూ బోదగడ్డికీ తేడా చెప్పమనడం, పెళ్లి ఫొటోలో నీడ చూసి చీర రంగు చెప్పమన్నట్టు.

చూపు సమస్య ఒక ఎత్తు, చూసినదానికి పెట్టే పేరు ఇంకో ఎత్తు. కోయవాడు పోడు కొడితే చెట్లన్నీ నరకడు. ఇప్ప ఉంచుతాడు, తునికి ఉంచుతాడు, చింత ఉంచుతాడు. ఇప్ప పువ్వు ఎండాకాలం తిండి, తునికాకు ఎండాకాలం కూలి. కొన్నేళ్లు పండించి చేను బీడు పెడితే మోళ్లు చిగురిస్తాయి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారు గానీ, అంతకు మించి గానీ ఉన్న నేలలో చెట్ల నీడ పది శాతం ఉంటే అది అడవి విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న ఆరా లేదు. ఆ కొలతతో చూస్తే ఇప్పచెట్లు ఉంచిన మంచివాడి పోడు అడవిలా కనిపిస్తుంది, అన్నీ నరికేసినవాడి పోడు చేనులా కనిపిస్తుంది. చెట్టు మీద దయ చూపినందుకు జరిమానా, పట్టా పోవడం. తమాషా ఏమిటంటే ఇదే కొలతతో అశ్వారావుపేట, దమ్మపేటల పామాయిల్ తోటలూ, సారపాక కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్ తోటలూ నిర్భయంగా అడవి ఖాతాలోకి వెళ్లగలవు. నాలుగేళ్లకోసారి మొదలంటా నరికి లారీకెక్కించే జామాయిల్ అడవి, యాభై ఏళ్ల ఇప్పచెట్టు కింద కంది వేసుకున్న నేల ఆక్రమణ. ఆకాశం నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి. ఆ పచ్చదనంలో ఒకటి విజయం, ఇంకొకటి నేరం ఎలా అయ్యాయో ఉపగ్రహాన్ని అడిగితే అది చెప్పలేదు.

ఇదే నేలను ఏ ఉపగ్రహం లేని కాలంలో సర్కారు ఎంత చక్కగా చూసిందో చెప్పుకోవాలి. భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. అంతకుముందు అక్కడ పోడుకు పన్ను గొడ్డలికి నాలుగణాలు. గొడ్డలికి! అంటే గూడెంలో ఎన్ని గొడ్డళ్లున్నాయో దొరలకు లెక్క ఉందన్నమాట. మద్రాసు వారి చేతికొచ్చాక పన్ను మూడింతలైంది, కొన్ని చోట్ల పోడే కూడదన్నారు. 1879లో రంపలో కల్లు పన్ను మీద రేగిన పితూరీ రేకపల్లికి పాకడానికి ఆ మంట ఒక కారణం. వసూలు చేయాల్సినప్పుడు ప్రతి గొడ్డలీ కనిపించింది. హక్కు ఇవ్వాల్సి వచ్చేసరికి పొలానికి పొలమే కనిపించడం లేదు. కంటి జబ్బుల్లో దీనికేమైనా పేరుందేమో. రేకపల్లి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, 2014లో ఏడు మండలాలతో పాటు అటు పోయింది. ఉపగ్రహానికి ఆ సరిహద్దు కూడా కనిపించదు, ఆ ఒక్క విషయంలో దాన్ని మెచ్చుకోవచ్చు.

అటవీ హక్కుల చట్టం ఈ సాక్షిని అంతగా నెత్తిన పెట్టుకుందా అంటే అదీ లేదు. రుజువులుగా ఏవి చెల్లుతాయో నియమాల్లో 13వది వరసగా చెబుతుంది: ఇల్లు, గుడిసె, గట్టు, చెక్‌డ్యాం, శ్మశానం, దేవతల చోటు, ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట. ఇలాంటివి రెండుంటే చాలు. 2012లో నియమాలు సవరించినప్పుడు, ఉపగ్రహ చిత్రం మిగతా రుజువులకు తోడు కావచ్చు గానీ వాటి స్థానంలో కూర్చోకూడదని విడమర్చి రాశారు. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఒక్క ఉపగ్రహ చిత్రం చూసి దరఖాస్తులు తోసిపుచ్చడాన్ని ఒప్పుకోలేదు. అయినా అలవాటు పోదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని రాష్ట్రాలకు చెప్పి, ఉపగ్రహ సర్వే కూడా చేయించమంది. దేశమంతా గగ్గోలు పుట్టాక అదే నెల 28న ఖాళీ చేయించడాన్ని ఆపింది. గిరిజనేతర పేదల సంగతి ఇంకా వింత. వాళ్లు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. 2005 నుంచి వెనక్కి లెక్కపెడితే 1930. మానవుడు మొదటి ఉపగ్రహాన్ని ఎగరేసింది 1957లో. సాక్షి పుట్టకముందు జరిగినదానికి సాక్ష్యం ముసలమ్మ తప్ప ఎవరు చెబుతారు? ఆ ముసలమ్మ మాటకేమో "ఆధారం ఏముందమ్మా" అని ఎదురు ప్రశ్న.

ఆ ముసలమ్మకు ఏం తెలుసో కూడా చట్టమే ఒప్పుకుంది. అదే చట్టం 3(1)(కె) సెక్షన్‌లో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద ఆ సమూహానికి హక్కు ఉందని రాసి ఉంది. ఢిల్లీ అక్షరాల్లో చూస్తే ఎంత గొప్ప మాట! ఏ వాలులో నీరు నిలుస్తుందో, బీడు పెట్టిన చేను ఎన్నాళ్లకు తిరిగి సాగుకొస్తుందో, ఏ ఇప్పచెట్టు కాపు దండిగా ఇస్తుందో తెలిసినవాడి తెలివి సంపత్తి. అదే తెలివితో వాడు "ఈ చేను మా తాత కొట్టింది, అదుగో ఆ మద్దిచెట్టు దాకా" అంటే మాత్రం అది ఉత్త కబురు. సంపత్తిగా పనికొచ్చిన జ్ఞానం సాక్ష్యంగా పనికిరాదు. పక్కనే సారపాక మిల్లు వారి జామాయిల్ రకాలు చూడండి. 'భద్రాచలం క్లోన్లు' అని దేశమంతా పేరు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. కొత్త మొక్క రకం పుట్టిస్తే, అది చెట్టయితే, 2001 నాటి చట్టం 18 ఏళ్ల రక్షణ ఇస్తుంది. తప్పేమీ లేదు, కష్టపడి పుట్టించినవాడికి దక్కాలి. భద్రాచలం పేరు పెట్టుకున్న చెట్టుకు అంత గుర్తింపు దొరికిన చోట, భద్రాచలం మనిషి మూడు తరాలుగా చూసుకున్న చేనుకు మాత్రం గుర్తుపట్టే నాథుడు లేడు. ఆ చేను ఫొటో సంగతి మరీ అన్యాయం. ఫొటో తీసినవారికి దాని మీద హక్కులు, లైసెన్సు షరతులు ఉంటాయి. చేను వాడిదో కాదో తేలలేదు గానీ, చేను బొమ్మ మాత్రం వాడిది కాదని ఖాయంగా తేలిపోయింది.

దీనికి గట్టి ఆక్షేపణే ఒకటుంది. 2005 తర్వాత కొత్తగా అడవి కొట్టినవాళ్లు లేరా? ఉన్నారు. గిరిజనుల పేరున కొట్టించి, పత్తి వేయించి, వడ్డీకి పట్టుకున్న ఆసాములూ ఉన్నారు. నిన్న దట్టంగా ఉన్న చోటు ఇవాళ బోడిగా మారితే పట్టుకోవడంలో ఉపగ్రహాన్ని మించింది లేదు. ఆ పనికి దాన్ని వాడొద్దని ఎవరూ అనరు. కానీ ఉన్న అడవి పోయిందని చూపడం వేరు, ఒక పేదవాడి చేను ఆనాడు లేదని తేల్చడం వేరు. మొదటిదానికి పెద్ద మార్పు కనిపిస్తే చాలు. రెండోదానికి ఏడు చుక్కల్లో మూడింటి రంగు మీద ఒక కుటుంబం బతుకు ఆనుతుంది. పెద్దలు అబద్ధం చెప్పరా అంటే, చెబుతారు. కానీ గ్రామసభలో అబద్ధం చెప్పే పెద్దాయన ముఖం మీదే "ఓ పటేలా, ఆ యేడు నువ్వు కొత్తగూడెం కూలికి పోయినవు గదా" అనేవాడు ఒకడుంటాడు. పిక్సెల్‌ను అలా నిలదీసే వీలు లేదు. ఇక సాంకేతికత రాజకీయాలకు అతీతం అనేవారు మన రాష్ట్ర క్యాలెండర్ ఒకసారి తిరగేయాలి. ఏళ్ల తరబడి కనిపించని పోడు 2023 జూన్ 30 నాటికి ఒక్కసారిగా కనిపించింది. 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పట్టాల పంపిణీ మొదలైంది. శాసనసభ ఎన్నికలు అదే ఏడాది నవంబర్ 30న. పట్టాలు దక్కినందుకు సంతోషమే. ఎన్నికల ముందు చూపు ఇంతగా మెరుగవుతుందంటే ఏటా ఎన్నికలు పెట్టినా నష్టం లేదు. అంతదాకా అదే నేల మీద కందకాలు తవ్వి, హరితహారం మొక్కలు నాటి, గొడవలు పడిన మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ మొక్కలు బతికిన చోట రేపటి బొమ్మలో పచ్చగా కనిపిస్తాయి, ఇక్కడ చేను ఎన్నడూ లేదని అవీ సాక్ష్యం చెబుతాయి.

సాక్షి గారిని కూర్చోబెట్టాల్సిన చోట కూర్చోబెడితే ఆయన మంచివాడే. అటవీ, రెవెన్యూ మ్యాపులు గ్రామసభకు ఇవ్వడం సబ్ డివిజన్ కమిటీ బాధ్యత అని నియమాల్లోనే ఉంది. ఆ బొమ్మనూ వాటితో కలిపి పంపాలి, మంచం అంత సైజులో అచ్చు వేయించి. ఏ తేదీన తీశారు, ఏ కెమెరా, చుక్క ఎంత, మబ్బు ఎంత, గీతలు గీసినవాడెవడు అన్నీ కింద తెలుగులో రాయాలి. దాన్ని గూడెం మధ్య చింతచెట్టు కింద పరిస్తే, సగం మంది కోరం నిండాక, ఎవరో పెద్దాయన చేతికర్రతో ఒక నల్లచుక్క మీద పొడుస్తాడు. ఇది మా ఇప్పచెట్టు, దీనికి ఇటు మా చేను, అటు వాళ్ల తాత సమాధి రాయి అంటాడు. బీటాఫీసరు వంగి చూస్తాడు. అప్పుడు ఆయన చూసేది ఆ బొమ్మను మొదటిసారి.