తంతి పోయినా తాళం పోలేదు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడు ఫోన్‌లో కాపురముంటోంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది. తొలి విడతలోనే 161 సేవలు. కోనసీమ లంకల్లో ఉన్నవాళ్లు ఇక సర్టిఫికెట్ కోసం పడవెక్కి మండలాఫీసు చుట్టూ తిరగక్కర్లేదట. ఒక మెసేజ్ పెడితే సర్కారే ‘చెప్పండి’ అంటుంది. ఇంత మర్యాద పాతకాలం కరణాల దగ్గర కూడా చూడలేదు.

ఒక్కటే పీకులాట. ఇదే వాట్సాప్ గొంతు ఇదే కోనసీమలో నొక్కింది కూడా సర్కారే కదా! జిల్లా పేరు మార్పు గొడవలో 2022 మే 24న అమలాపురం అంటుకుంది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టినవాళ్లని పట్టుకోవాల్సిందే, రెండో మాట లేదు. కానీ ఏలినవారు ముందు సిగ్నల్‌ని పట్టుకుని నెట్ కట్టేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లాప్‌టాప్‌లు చంకనపెట్టుకుని, పక్క జిల్లా సిగ్నల్ కోసం ఏటిగట్లు పట్టారు. కువైట్‌లో పనిచేసే తల్లి ముఖం పిల్లలకి కనబడకుండా పోయింది. నిప్పెట్టినవాడికీ, ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టేవాడికీ ఒకటే శిక్ష!

ఏ అధికారంతో అంటారా? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, దాని కింద 2017లో రాసుకున్న నిబంధనలు. ఆ టెలిగ్రామేమో 2013 జులైలోనే కాలం చేసింది. తంతి పోయి తొమ్మిదేళ్లు కావస్తుంటే దాని చట్టం లేచొచ్చి వాట్సాప్ పీక పట్టుకుంది. ఇలాంటి ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. నెట్ ఆపామన్న కబురు నెట్‌లో పెడితే చదివేదెవరన్నది వేరే ధర్మసందేహం.

చట్టం మరీ ముసలిదైందని ఢిల్లీ కూడా ఒప్పుకుంది. 2023లో కొత్త టెలికాం చట్టం, మరుసటి ఏడాది కొత్త నిబంధనలు. కాలానికి తగ్గట్టు అన్నీ మారాయి, ఆపే అధికారం తప్ప. అన్నట్టు, యాక్సెస్ నౌ సంస్థ లెక్కల్లో 2018 నుంచి 2023 దాకా నెట్ కత్తిరింపులో ప్రపంచంలో మొదటి ర్యాంకు మనదే. ర్యాంకుల మీద మనకున్న మోజు తెలిసిందేగా! ఫ్లెక్సీలెందుకు కట్టలేదో మరి.

ఇప్పుడు సర్కారు కౌంటరు అమెరికా మెటా కంపెనీ యాప్‌లో, షట్టరు తాళం సర్కారు జేబులో. వరద నెలల్లోనే అమలాపురంలో మళ్లీ ఏదైనా రాజుకుంటే, ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరెంతుందో లంక మనిషి ఎవరినడగాలి? పంచాయతీ లెక్కల్లో దండోరా పద్దు ఇంకా ఉంటే, దయచేసి కొట్టేయకండి.