లక్ష్మణఫల వాక్యం: సంజీవనీ వ్యాఖ్యా సహితం

మూలం: “లక్ష్మణఫలం కీమోథెరపీ కన్నా పదివేల రెట్లు శక్తిమంతం. కంపెనీలు దాచిన నిజం. పది మందికి పంపండి.”

అవతారిక: కవి అజ్ఞాతుడు. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా వాట్సాప్‌లో పునర్జన్మ ఎత్తుతాడు. శైలిని బట్టి రిటైరైన బాబాయిగారని పూర్వవ్యాఖ్యాతల ఊహ.

టీక: లక్ష్మణఫలమనగా, కీమోథెరపీ అనగా... తేలిక గనక వదిలేస్తున్నాను. చెయ్యి ఆగేది “పదివేల రెట్లు” దగ్గర. అతిశయోక్తి అలంకారమని సరిపెట్టుకుందామంటే కుదరదు, దీనికి ఆకరం ఉంది. 1996లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పండు గింజల్లోంచి అసిటోజెనిన్లు అనే పదార్థాలు కొన్ని తీశారు. వాటిలో సిస్-అన్నోనాసిన్, గాజుపాత్రలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఎడ్రియామైసిన్ అనే మందు కన్నా పదివేల రెట్లు చురుకని రాశారు. గింజ పోయింది, గాజుపాత్ర పోయింది, పెద్దపేగు పోయింది, అంకె మిగిలింది. పత్రికలో అచ్చయినదాన్ని కంపెనీలు ఎట్లా దాచాయో పెద్దలు సెలవివ్వాలి.

ఆకరమంటే గుర్తొచ్చేవాడు కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథసూరి. మన మెదక్ సీమ కొల్చారం వాడంటారు. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయి ఉందనీ, తన వ్యాఖ్య దానికి సంజీవని అనీ చెప్పుకున్నాడు, పేరూ అదే పెట్టాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఒట్టు కూడా వేసుకున్నాడు. చిన్న మాటకైనా అమరకోశమో పాణిని సూత్రమో చూపించందే అడుగు కదపడు. మేఘసందేశం తెరిస్తే మేఘాన్ని దాని దారిన పోనిచ్చి నేను టీకలోనే తిరుగుతుంటాను. కొన్నిచోట్ల శ్లోకం కన్నా కింద ఉన్న టీకే రుచి, ఈ మాట పండితులకు చెప్పకండి. ఆయన చేతికి ఒక్క ఫార్వర్డు దొరికి ఉంటే! లక్ష్మణుడు మూర్ఛపోతే కొండ తెచ్చినవాడున్నాడు, లక్ష్మణఫలానికి ఎవరున్నారు?

ఎక్కడున్నాం? గింజ దగ్గర.

విశేషాలు: ఈ అసిటోజెనిన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో తొలి మెట్టునే అడ్డుకుంటాయి. క్యాన్సర్ కణం ఆకలితో చస్తుంది. నాడీకణమూ అంతే. కరేబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో, మామూలు మందులకు లొంగని ఒకరకం పార్కిన్సన్ లక్షణాలకూ ఈ జాతి పండ్లూ ఆకుకషాయాల వాడకానికీ సంబంధం ఉండొచ్చని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అదే కారణమని తేలలేదు గానీ అనుమానం పోలేదు. అంతదూరం దేనికి, దీని దాయాది సీతాఫలం గింజలు నూరి తలకు పట్టించి పేలు చంపిన అమ్మమ్మలు మనకున్నారు. కళ్ళలో పడితే చూపుకే ముప్పని నుదుటికి గుడ్డ కట్టేవారు. ఆ గుడ్డ మూలంలో లేదు.

చెట్టుమందంటే చులకనా అని పూర్వపక్షం. లేదు. బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ ఈనాటికీ పిల్లల లుకేమియాకు వాడతారు. పెద్దవాళ్ళకైనా ఒక్క మోతాదు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, సిరలోకే ఎక్కిస్తారు. అంత కొలత తెలిశాకే అది మందయింది. లక్ష్మణఫలం మనుషుల్లో క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఏ పరీక్షలోనూ రుజువు కాలేదు.

నాకు ఒళ్ళు మండేది ఆకుపొడి డబ్బాలవాళ్ళ మీద కూడా కాదు. జుట్టు రాలి, అన్నం సహించక పడుకున్న మనిషి ఫోన్లోకి ఈ వాక్యం తోసి, కింద రెండు దణ్ణాల బొమ్మలు పెట్టేవాళ్ళ మీద. “వచ్చే విడత మానేద్దామా అమ్మా?” అని ఆ మనిషి అడిగితే జవాబు చెప్పాల్సింది పంపినాయన కాదు. మంచం పక్కన కూర్చున్న కూతురు.

ఫలశ్రుతి: “పది మందికి పంపండి.” వ్రతకథల్లో విన్నవాళ్ళకూ ఫలం దక్కుతుంది. ఇక్కడ పుణ్యం పంపినాయనకి, కషాయం విన్నవాళ్ళకి.

తాత్పర్యం: పండు పుల్లపుల్లగా, తియ్యతియ్యగా బాగుంటుంది. గింజలు ఊసెయ్యాలని భావం.