సుందరయ్యగారి సైకిలు ఆత్మకథ

పుచ్చలపల్లి సుందరయ్య (1913–1985) పేరు ఎత్తగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన నాయకుడన్న మాటే కాబట్టి, ఆ మాటలో సగం వాటా ఉన్న సైకిలుకు తన చరిత్రను తానే చెప్పుకొనే హక్కు ఎంతో కొంత ఉన్నది. ఢిల్లీలోను, హైదరాబాదులోను ఆయన తొక్కినది ఒకే సైకిలు అనుకోవలసిన పని లేదు; ఇక్కడ మాట్లాడుతున్న సైకిలు తన తోటివాటి తరఫున కూడా మాట్లాడుతున్నది. దానికి గర్వం లేకపోలేదు గాని, గర్వం కంటె ఫిర్యాదు కాస్త ఎక్కువ. ఆ ఫిర్యాదు కూడా తొక్కినవారి మీద ఉన్నది కాదు, తలచుకొనేవారి మీద ఉన్నది.

పుట్టుక గురించి చెప్పవలసినది తక్కువ. ఉక్కు గొట్టాలను అతికిన నల్లటి ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ఏటా మునిసిపాలిటీకి పన్ను కట్టి తగిలించుకొనే బిళ్ళ: 1950లలో గుమాస్తాలు, బడిపంతుళ్లు, పాలవాళ్లు తొక్కిన సైకిలు ఇదే. ఆ తరహా సైకిలుకు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనుక చక్రంలో 40 పుల్లలు ఉండేవి. మనిషి బరువూ క్యారియరు మీది బరువూ ఎక్కువగా వెనుకనే పడతాయి గనుక ఆ ఎనిమిది పుల్లలు అదనం. పాలవాడి సైకిలుకు ఆ పుల్లలు క్యానులను మోస్తే, ఈ సైకిలుకు కాగితాలను మోశాయి. సభలో ప్రశ్న వేయడానికి ముందు బడ్జెట్టు పుస్తకాలు, సాగునీటి లెక్కలు, రైతుల అర్జీలు తిరగేసే అలవాటు సుందరయ్యకు ఉండేది కాబట్టి, స్ప్రింగు క్యారియరు పట్టు చాలక ఫైళ్ల కట్టను తాడుతో బిగించవలసి వచ్చేది. తాడు ఒరుసుకొని క్యారియరుకు రెండు వైపులా రంగు పోయి ఇనుము కనిపించిన చోటును ఈ సైకిలు ఇప్పటికీ తన పతకంగానే భావిస్తుంది.

1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికై, అక్కడ కమ్యూనిస్టు సభ్యుల బృందానికి నాయకుడైన వ్యక్తి సైకిలు తొక్కడాన్ని నిరాడంబరత అని పొగడడం ఆచారమైంది. ఈ వాహనం అభిప్రాయంలో అందులో లెక్క కూడా ఉన్నది. పూర్తికాలపు కార్యకర్త, అంటే పార్టీ పనికే బతుకంతా అప్పగించి పార్టీ ఇచ్చే కొద్దిపాటి వేతనంతో కాలం గడిపేవాడు, శాసనకర్తగా వచ్చే జీతాన్ని పార్టీకి జమకట్టాలి. అటువంటివానికి పెట్రోలు అక్కరలేని బండి ఇంటి ఖర్చుకు సంబంధించిన విషయం. పిత్రార్జితంలో తన వాటాను కూడా ఆయన పార్టీకే ఇచ్చివేశారని గుర్తుంచుకొంటే, సైకిలు తొక్కడం ఆయన చేసిన త్యాగాలలో అతి చిన్నదని తేలిపోతుంది. అతి చిన్నదానికే అతి పెద్ద కీర్తి దక్కింది.

సైకిలు చూడనిదీ విన్నదీ అయిన భాగం అంతకంటె పెద్దది. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో సుందరరామిరెడ్డిగా పుట్టిన బాలుడు, పేరు చివరి కులసూచకాన్ని తీసివేసి సుందరయ్య అయ్యాడు. కంపెనీ పేరున్న బిళ్ళ ఎప్పుడో ఊడిపోయిన ఈ సైకిలుకు ఆ సంగతి కొంత ఊరట. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో చదువు మాని ఉప్పు సత్యాగ్రహ కాలపు ఉద్యమంలో దిగి, చిన్న వయసు కారణంగా బోర్‌స్టల్ పాఠశాలలో, అనగా బాలనేరస్థుల కోసం ఏర్పరచిన నిర్బంధ గృహంలో శిక్ష అనుభవించి, తరువాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయిన ఆయన, సొంత ఊళ్లోనే, సొంత బంధువుల పొలాలలో పనిచేసేవారిని కూడగట్టి వ్యవసాయ కార్మిక సంఘం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని నిర్మాతలలో ఒకరయ్యారు. సొంత కులాన్నీ సొంత చుట్టాలనూ ఎదిరించడంతో పోలిస్తే పెడలు తొక్కడం ఏపాటి కష్టమో పొగిడేవారే చెప్పాలి.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ సైకిలుకు ఏ పాత్రా లేదు. 1946 జూలై 4న కడవెండిలో ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి కావడంతో భగ్గుమని, 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించిన తరువాత కూడా కొనసాగి, 1951 అక్టోబరులో విరమింపబడిన ఆ పోరాటం అడవి దారులలో, కాలినడకన, మారుపేర్లతో నడిచింది. దాని నాయకులలో ఒకరైన సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథంలో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, పది లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది, నాలుగు వేలమంది కమ్యూనిస్టులు, రైతు యోధులు ప్రాణాలు కోల్పోయారు. ఆయన జీవితంలో అన్నిటికంటె బరువైన ఆ ఏళ్లలో చక్రం లేదు, గంట లేదు, పొగడడానికి వీలైన ముచ్చటైన దృశ్యమూ లేదు. కాబట్టే కాబోలు, ఉపన్యాసాలు ఆ ఏళ్ల మీదుగా రెండు వాక్యాలలో దాటిపోయి పార్లమెంటు గేటు దగ్గర ఆగుతాయి.

1955లో ఆంధ్ర రాష్ట్రపు మధ్యంతర ఎన్నికలలో అధికారం తమదేనని నమ్మిన కమ్యూనిస్టు పార్టీ 196 స్థానాలలో 15 మాత్రమే గెలుచుకొన్నది. ఆ పదిహేనిటిలో గన్నవరం సుందరయ్యది. అప్పటి రాజధాని కర్నూలు. మరుసటి ఏడు నవంబరు 1న, ఆయన 1946లోనే విశాలాంధ్ర పేరిట కోరిన ఐక్య తెలుగు రాష్ట్రం ఏర్పడి, శాసనసభ హైదరాబాదుకు మారింది. ఢిల్లీ చదును రోడ్లకు అలవాటుపడిన చక్రాలకు హైదరాబాదు ఎగుడుదిగుళ్లు కొత్త. గేర్లు లేని సైకిలుకు ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు గేరు తొక్కేవారి మోకాళ్లలోనే ఉంటుంది. 1962లో గన్నవరం ఆయనను మళ్లీ ఎన్నుకొన్నది. 1964లో పార్టీ చీలింది: కాంగ్రెసు పట్ల ఏ వైఖరి తీసుకోవాలి, సోవియట్–చైనా వివాదాన్ని ఎట్లా చూడాలి అన్న తగవులు ముదిరి, ఏప్రిల్‌లో 32 మంది జాతీయ సమితి సభ్యులు బయటికి నడిచి, జూలైలో తెనాలిలో సమావేశమై, ఆ ఏడాది చివర కలకత్తా మహాసభలో సి.పి.ఐ.(ఎం)గా నిలబడగా, దాని మొదటి ప్రధాన కార్యదర్శి సుందరయ్య అయ్యారు. వెంటనే వచ్చిన నిర్బంధం 1966 దాకా సాగింది. పన్నెండేళ్లు నిర్వహించిన ఆ పదవిని, అత్యవసర పరిస్థితి కాలంలో జనసంఘంతో కలిసి పనిచేయడం వంటి విషయాలలో పార్టీ పంథాతో ఏకీభవించక, 1976లో వదులుకొన్నారు. సైకిలు దిగినంత తేలికగా పదవి దిగిన ప్రధాన కార్యదర్శులు ఏ పార్టీలోనూ ఎక్కువమంది కనిపించరు. ఆ సంగతిని మాత్రం వర్ధంతి సభలలో ఎత్తరు.

పదవి విడిచిన మనిషి రాష్ట్ర పార్టీ పనికి తిరిగి వచ్చి, 1978లో 64 ఏళ్ల వయసున గన్నవరం నుంచే మళ్లీ శాసనసభకు వెళ్లి, 1985 మే 19న కన్నుమూశారు. 1943లో లీలను పెళ్లాడినప్పుడే ఉద్యమం కోసం సంతానం వద్దనుకొన్న దంపతులు కావడం వల్ల, ఆస్తికి గాని సైకిలుకు గాని ఇంటి వారసులు లేరు. వారసులు లేని వస్తువు అందరిదీ అవుతుందని సిద్ధాంతం చెబుతుంది. ఆచరణలో అది పార్టీ ఆఫీసు వెనుక వసారాలో, విరిగిన కుర్చీలకూ పాత పోస్టర్ల కట్టలకూ నడుమ చేరింది.

అక్కడ మొదట పోయినది గాలి. గాలి లేని టైరు మీద నెలల తరబడి నిలబడితే ట్యూబు మడతపడి, పడిన మడత దగ్గరే చీలుతుంది. తరువాత గంట మీది గిన్నెను ఎవరో పిల్లలు విప్పుకుపోయారు. తోలు సీటు ఒక వాన చివికి, మరుసటి ఎండకు బీటలు వారి, ఎలుకల పాలయింది; నూనె చుక్క ఎరుగని గొలుసు లంకెలు ఒకదానికొకటి తుప్పుతో అతుక్కొన్నాయి. వసారా ముందు మొదట స్కూటర్లు, తరువాత మోటారు సైకిళ్లు, ఆపైన కార్లు ఆగడం సైకిలు గమనించింది. కాలం మారితే బండి మారడంలో తప్పు పట్టవలసినది లేదు. అన్ని ఊళ్ల దూరం పెడలు మీద పోలేరు. దాని ఉక్రోషమంతా కార్లు దిగినవారు లోపలికి వెళ్లి సైకిలు మహిమ మీద గంటసేపు మాట్లాడడం గురించే.

శతజయంతి సమీపించినప్పుడు దానిని బయటికి లాగి, తుప్పు గీకకుండానే ఎర్రరంగు కొట్టారు. నల్ల సైకిలుకు ఎర్రరంగు ఎందుకని అడిగినవారు లేరు. రంగు ఇరుసులోకి కారి, బేరింగుల గోళీల చుట్టూ గడ్డకట్టడంతో వెనుక చక్రం పూర్తిగా బిగిసిపోయింది. పిలిపించిన మెకానిక్కు గోళీలు మార్చి గ్రీజు పెడితే మళ్లీ శుభ్రంగా తిరుగుతుందని, పెద్ద ఖర్చు కూడా కాదని చెప్పాడు. వేదిక మీద నిలబెట్టడానికే గదా, తిరగవలసిన అవసరమేమిటని నిర్వాహకులు అతనిని పంపివేసి, స్టాండు వేసి, హ్యాండిలుకు దండ తగిలించారు.