చవక వాచీ వ్రతకల్పం

ఈ వ్రతానికి తిథి, వారం, నక్షత్రం పట్టింపు లేదు. జీతం పడిన రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచిన క్షణమే సుముహూర్తం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో కొత్తగా దిగిన పిల్లల కోసం ఇది ప్రత్యేకంగా చెప్పబడింది. పెద్దవాళ్లూ చేసుకోవచ్చు. నలభై రెండేళ్ల వయసులో నేను చేశాను, అదీ రెండుసార్లు.

ముందు సంకల్పం. ధర దగ్గర చూపు నిలపాలి. 6,999 అని రాసి దాని మీద అడ్డగీత కొట్టి ఉంటుంది. కింద 1,299. ఆ పై ధరకి ఆ వాచీని ఇంతవరకు కొన్నవాడు నాకు తారసపడలేదు. అయినా మిగిలిన 5,700 మన జేబులో పడ్డట్టే ఉంటుంది, వారం తిరక్కుండా దాన్ని ఖర్చు కూడా పెట్టేస్తాం. వాచీ రాగానే ఇంటికి ఫోన్ చేసి "ఏడు వేల వాచీ అమ్మా" అని చెప్పండి. అబద్ధమాడిన పాపం అంటదు. డబ్బా మీద అచ్చులోనే ఉంది.

తర్వాత రూపం. యాపిల్ వాళ్ల అల్ట్రా వాచీ 2022 సెప్టెంబరులో వచ్చింది, మన దేశంలో 89,900 రూపాయలకి. ఆ తర్వాత ఎన్నాళ్లో పట్టలేదు, అదే పలక ముఖం, అదే నారింజ పట్టీ వెయ్యి చిల్లరకి దొరకడం మొదలైంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. కాబట్టి నాలుగడుగులు పాటించండి. మైండ్‌స్పేస్ లిఫ్టులో అది కుదరదు గనుక అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని వినయంగా నిలబడండి.

ఇంత చవకది కట్టుకుంటే ఎవరైనా నవ్వుతారేమో అని జంకక్కర్లేదు. 2022 జులై, సెప్టెంబరు మధ్య స్మార్ట్‌వాచీల అమ్మకాల్లో మన దేశం ఉత్తర అమెరికాని కూడా దాటిపోయింది. అమ్ముడైనవాటిలో ఎక్కువ మన జాతివే. 2024 వచ్చేసరికి అమ్మకాలు పడిపోయాయి. ఒకసారి కొన్నవాడు రెండోది కొనడం లేదని నా అనుమానం. నన్ను మినహాయించండి.

ఇక నాడి చూడటం. వాచీ వెనక ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పొంగి, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెడితే నాడి. సూత్రంలో మోసమేమీ లేదు, లక్ష రూపాయల వాచీలోనూ ఇదే. తేడా అంతా సెన్సర్ నాణ్యతలో, చెయ్యి కదిలినప్పుడు వచ్చే చెత్తని ఏరిపారేసే లెక్కలో ఉంది. 2018లో చైనాలో జనం ఇలాంటి పట్టీలని టాయిలెట్ పేపర్ చుట్టకి కట్టి చూస్తే దానికీ గుండె కొట్టుకుంది. అది చదివాక నేను ఊరుకోలేదు. అరటిపండుకి కట్టాను, 74 వచ్చింది. రైతుబజారు నుంచి అప్పుడే తెచ్చిన సొరకాయకి కట్టాను. నాడి 81, బీపీ 118/76. మా ఇంటిల్లిపాదిలో అంత మంచి బీపీ ఎవరికీ లేదు. మా ఆవిడ ఆ పూట దాన్ని కోయడానికి చెయ్యి రాక పప్పు చేసింది.

ఈ ఒక్క పేరాలో వెటకారం లేదు. సూది గుచ్చకుండా షుగర్ చెబుతామని కొన్ని వాచీలు అమ్ముతున్నారు. అలా షుగర్ కొలిచే స్మార్ట్‌వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసుకుని ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఊళ్లో షుగర్ ఉన్న నాన్నకి ప్రేమగా పంపాలనుకుంటే, అదే డబ్బుతో వేలికి సూది గుచ్చి చూసే మామూలు మీటరు పంపండి.

అంగపూజలో ముఖ్యమైనవి పాదాలు. రోజుకి పదివేల అడుగులు అని వాచీ మొదటి రోజే నియమం పెడుతుంది. ఈ పదివేలు ఏ వైద్య గ్రంథంలోదీ కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి మాన్పో-కెయి అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంటే వ్యాపారి పెట్టిన పేరు మనకి వేదమైంది. పెద్ద వయసు ఆడవాళ్ల మీద 2019లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో సుమారు 7,500 దగ్గరే లాభం ఆగిపోయింది. ఈ సంగతి మీ హెచ్‌ఆర్‌కి చెప్పకండి. వాళ్లు అడుగుల పోటీ పెట్టి బహుమతులు కూడా కొనేసి ఉంటారు.

పోటీలో గెలవడానికి నడవక్కర్లేదు. వాచీకి తెలిసింది కుదుపు మాత్రమే, కాళ్ల సంగతి దానికి తెలియదు. కొత్తగూడ నుంచి బయోడైవర్సిటీ కూడలి దాకా స్కూటరు మీద వెళ్లండి, స్పీడు బ్రేకర్లూ గుంతలూ కలిసి మిమ్మల్ని నడిపించేస్తాయి. బిర్యానీకి వెళ్లే రోజు వాచీ కుడిచేతికి మార్చండి. ఎడమచేతికి ఉంటే తిన్నదంతా వృథా. మా ఆఫీసు పోటీలో నేను వాచీని మా అత్తగారి చేతికి కట్టాను. మా చిన్నవాడి బారసాలకి వచ్చి ఉండిపోయిన మనిషి, రోజంతా ఉయ్యాల ఊపుతూనే ఉంటుంది. పదకొండు వేలకి తగ్గిన రోజు లేదు. మా టీముకి రెండో బహుమతి వచ్చింది. మొదటిది పక్క టీములో కవలపిల్లల తండ్రికి పోయింది.

మరి ఈ వ్రతానికి ఫలం అసలు లేదా అంటే, ఉంది. సరిగ్గా రెండు. పొద్దున అమీర్‌పేటలో రాయదుర్గం మెట్రో ఎక్కితే జేబులోకి చెయ్యి పోదు, పోయినా తిరిగి రాదు. అప్పుడు ఓటీపీ, మేనేజరు మెసేజి, క్యాబ్ నంబరు మణికట్టు మీద కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. రెండోది అలారం. నలుగురుండే హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి షిఫ్టుకి లేవాల్సినవాడిని ఫోన్ లేపితే మిగతా ముగ్గురూ లేచి వాణ్ణి పడుకోబెడతారు. వాచీ అయితే వాడి చెయ్యి ఒక్కటే వణుకుతుంది. ఈ రెండిటికీ 1,299 దండగ కాదని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

మెసేజీలు ఇంగ్లీషులో ఉంటేనే సుమా. అమ్మ తెలుగులో పంపితే నా వాచీలో వరసగా ఖాళీ గళ్లు కనిపిస్తాయి. వాచీకి తెలుగు అక్షరాలు రావు. కొన్నాళ్లకి గళ్లు చదవడం అలవాటైంది. కొన్ని గళ్లు, కాస్త ఎడం, మరికొన్ని గళ్లు, చివర ప్రశ్నార్థకం ఉంటే అన్నం తిన్నావా అని.

నీళ్ల గురించి రెండు ముక్కలు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. సబ్బు, వేన్నీళ్లు, చెమట ఆ పరీక్షలో లేవు. జులై వానలో ఐకియా కూడలి దగ్గర ఇరుక్కుంటే అరగంట గడువు మీద ఆశ పెట్టుకోకండి. ఇంకో జాగ్రత్త, వాచీ యాప్ అడిగే అనుమతుల్లో కాంటాక్టులకీ, మైకుకీ వద్దు అని నొక్కండి. అడుగులు లెక్కపెట్టడానికి మీ మేనమామ ఫోన్ నంబరుతో పనేమిటి?

ఆల్విన్ కాలనీ, ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అని క్యాబ్‌లో రోజూ నొక్కుతుంటాం కదా, ఆ ఆల్విన్ ఒకప్పుడు వాచీ పేరు కూడా. 1942లో నిజాం కాలంలో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు చేసింది, బస్సు బాడీలు కట్టింది, 1980ల్లో జపాన్ సీకో సహకారంతో చేతిగడియారాలు చేసింది. తొంభైల్లో కంపెనీ చెదిరిపోయింది. మా నాన్న దగ్గర ఇప్పటికీ ఒకటుంది. రోజూ పొద్దున కాఫీకి ముందు కీ ఇస్తారు. రోజుకి నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది, ఆయన దాన్ని నాలుగు నిమిషాలు ముందుకి తిప్పుతారు. మొన్న వచ్చినప్పుడు అది రిపేరుకి ఇచ్చి "టైమెంతరా?" అని నన్నడిగారు. దర్జాగా చెయ్యెత్తాను. తెర వెలగలేదు. మళ్లీ ఎత్తాను. వేలితో తట్టాను. చైనాలోని షెన్‌జెన్‌లో వాన పడుతోందని చెప్పింది. ఈలోగా ఆయన గోడ గడియారం చూసుకున్నారు.

చివరికి ఉద్యాపన. చవక వాచీ చెడిపోయి పోవడం అరుదు, చార్జరు పోయి పోతుంది. ఫోన్ చార్జరు దీనికి పనికిరాదు. ప్రతి వాచీకి దానిదే అయస్కాంతం ముక్క ఒకటి ఉంటుంది, కొన్నిటికి రెండు పిన్నులు, కొన్నిటికి నాలుగు, వాటి మధ్య దూరాలు వేరు. పక్క మంచం వాడిది మీకు పట్టదు. అదే కంపెనీ కొత్త మోడల్‌ది కూడా పట్టకపోవచ్చు. కొత్త చార్జరు వెతికితే అది వాచీ ధరలో మూడోవంతు ఉంటుంది, అప్పుడు మళ్లీ అడ్డగీత కొట్టిన 6,999 కనిపిస్తుంది. నేను రెండో వ్రతం పట్టింది అలాగే. పాతదాన్ని మాత్రం చెత్తబండిలో వేయకండి. లోపలున్నది లిథియం బ్యాటరీ, నలిగితే అంటుకుంటుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

నా రెండో వాచీ నిక్షేపంగా ఉంది. చార్జరు కనిపించడం లేదు. రెండు పిన్నులది, నల్ల తీగ, కొసన కాస్త నలిగి ఉంటుంది. మీ సొరుగులో అలాంటిది ఏదైనా దిక్కులేకుండా పడి ఉంటే దయచేసి పారేయకండి. సొరకాయకి బీపీ చూసి పది రోజులైంది.