క్యూ ఉన్న గోడకే బొమ్మ కావాలి

మహారాజశ్రీ విమానాశ్రయ గోడల అధికారి గారికి,

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక ప్రయాణికుడు చేసుకుంటున్న బహిరంగ మనవి.

విషయం: బొమ్మ ఏ గోడ మీద వేయించాలి, ఎవరి చేత వేయించాలి, వేసినవాళ్ల పేరు ఎక్కడ రాయించాలి అనే మూడు సంగతులు.

సూచిక: ఎక్స్‌రే మిషను ముందు బెల్టు విప్పి, జారుతున్న ప్యాంటు ఒక చేత్తో, బోర్డింగ్ పాసు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డ సమస్త భారత పౌరులు.

అయ్యా,

గోడల అధికారి అనే ఉద్యోగం ఒకటి ఎక్కడో ఉండి తీరాలని నా నమ్మకం. లేకపోతే ఇన్ని ఊళ్లలో ఇన్ని గోడలు ఒకేలా ఎందుకుంటాయి? బూడిద రంగు, దాని మీద కళ్లు చెదిరే తెల్ల లైటు, దాని కింద నిషేధిత వస్తువుల పట్టిక. ఇంతటి ఏకాభిప్రాయం ఎవరో ఒకరు కూర్చుని సంతకం పెడితే తప్ప కుదరదు. ఆ సంతకం మీదేనని అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి విన్నవించుకోవాలి. రాయగడ, కొరాపుట్ జిల్లాల వాళ్లం పెద్ద విమానం ఎక్కాలంటే ముందు రైలెక్కాలి. రాయగడ వాళ్లం పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుంటూ, కొరాపుట్ వాళ్లు అరకు సొరంగాల్లోంచి దిగుతూ విశాఖపట్నం చేరాలి. పిల్లాడు అమెరికా చదువుకు వెళ్తున్నాడంటే ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. లోపలికి పోయేది వాడొక్కడే. మిగతా వాళ్లం గాజు తలుపు బయట నిలబడి, వాడి తల కనబడినంతసేపూ చెయ్యి ఊపుతాం.

అలాగని విమానాలకు మేం కొత్త కాదండోయ్. 1964 నుంచీ మా కొరాపుట్ జిల్లా సునాబెడలో హెచ్ఏఎల్ వారి ఇంజన్ల కర్మాగారం ఉంది. మిగ్-21లను ఆకాశంలో తిప్పిన ఇంజన్లు అక్కడివే. సుఖోయ్-30లకు మరో 240 ఇంజన్లు కావాలని రక్షణ శాఖ 2024 సెప్టెంబరులో 26 వేల కోట్లకు పైబడిన ఒప్పందం రాసుకుంటే, ఆ పనీ మా సునాబెడకే వచ్చింది. ఇక ప్రయాణికుల విమానం అంటారా, అదే జిల్లా జయపురానికీ భువనేశ్వర్‌కూ మధ్య తొలి సర్వీసు 2022 అక్టోబరు 31న ఎగిరింది. సీట్లు తొమ్మిది. పెళ్లివారు ఎక్కాలంటే వియ్యంకుడి వైపు ఒక ట్రిప్పు, మనవైపు ఇంకో ట్రిప్పు వేయాలి.

కాబట్టి ఇది విమానం ఎరగని వాళ్ల మాట అని ఫైలు పక్కన పెట్టకండి. అసలు విషయానికి వస్తున్నాను.

విమానాశ్రయంలో మనిషి సగం ప్రాణం పోయేది ఎక్కడ? ఆకాశంలో కాదు, క్యూలో. సెక్యూరిటీ చెక్ దగ్గర ల్యాప్‌టాపు వేరే ట్రే, చార్జరు వేరే ట్రే, జేబులో చిల్లర వేరే గిన్నె. వెనకాయన ట్రే వచ్చి మన ట్రేని గుద్దుతుంది. చేతిసంచిలో అమ్మ పెట్టిన పచ్చడి సీసా ఎక్స్‌రేలో కనబడితే ఇక విచారణే: ఏం పచ్చడి, ఎంత నూనె, ఎందుకు తీసుకెళ్తున్నారు? ఆ సీసాను నలుగురి ముందూ ఎత్తి పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూస్తారు. పెద్దావిడ చెప్పులు విప్పి, కాళ్లు చల్లటి నేల మీద పెట్టి, గాజులు మోగితే ఏమవుతుందోనని చేతులు కదపకుండా నిలబడుతుంది. అప్పుడు ఆవిడ కళ్లు ఎటు చూడాలి? ఎదుటివాడి వీపు, లేదంటే మీ బూడిద గోడ.

అదంతా దాటాక, బెల్టు మళ్లీ పెట్టుకున్నాక, మీ కళాపోషణ మొదలవుతుంది. సెంటు కొట్టు పక్కన పెద్ద చిత్రం, లాంజ్ తలుపు దగ్గర శిల్పం, మనిషి హాయిగా కూర్చుని రెండొందల కాఫీ తాగే చోట రంగురంగుల గోడ. బాధ ఒక గదిలో, బొమ్మ ఇంకో గదిలో. నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క ముక్కే.

దీనికి విదేశాలు తిరిగొచ్చిన నిపుణులు అక్కర్లేదు. రాయగడకు ఎంతో దూరం లేని రాజాం ఊరి మనిషి గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ 2010లో ఢిల్లీ మూడో టెర్మినల్ తెరిచింది. అక్కడ ఇమ్మిగ్రేషన్ కౌంటర్ల పైన గోడంతా రాగి రంగు పళ్లేలు, వాటిలోంచి బయటికొచ్చిన పెద్దపెద్ద చేతులు, ఒక్కొక్కటి ఒక్కో ముద్ర పట్టి ఉంటాయి. రూపకల్పన ఆయుష్ కస్లీవాల్‌ది. కింద అధికారి పాస్‌పోర్టు ఫొటోనూ మన మొహాన్నీ మార్చి మార్చి చూస్తుంటే, పైన ఆ చేతులు భయపడకురా అన్నట్టుంటాయి. బొమ్మ సరిగ్గా క్యూ నెత్తిమీదే పెట్టారు. అందుకే ఆ టెర్మినల్‌లో ఇంకేదీ గుర్తులేనివాళ్లకు కూడా ఆ చేతులు గుర్తుంటాయి.

ముంబయిలో జీవీకే వారు, వాళ్లూ మన తెలుగువాళ్లే, 2014లో తెరిచిన రెండో టెర్మినల్‌లో రాజీవ్ సేఠీ ఆధ్వర్యంలో కిలోమీటర్ల పొడవున కళాఖండాల గోడ కట్టారు. దేశం నలుమూలల నుంచీ తెచ్చిన వేల వస్తువులున్నాయి. దిగి నడుస్తుంటే కాళ్లనొప్పి తెలియనంత బాగుంటుంది. దోహా విమానాశ్రయంలో పిల్లలందరూ ఫొటో దిగే పసుపుపచ్చ ఎలుగుబంటిని కూడా చూశారుగా, తల మీద దీపం గుచ్చుకుని ఏడు మీటర్ల ఎత్తున దిగాలుగా కూర్చుని ఉంటుంది. ఉర్స్ ఫిషర్ అనే స్విస్ శిల్పి చేసింది. అర్ధరాత్రి అమెరికా విమానం కోసం పడిగాపులు పడే మన కుర్రాళ్లకు అంతకంటే ఆత్మబంధువు ఆ హాల్లో ఎవరూ కనబడరు.

అయితే బాధ ఉన్నచోటే బొమ్మ ఉండాలన్న సూత్రం ఢిల్లీ వాళ్లు కనిపెట్టింది కాదు. అది మా రాయగడ జిల్లాది. గుణుపురం అవతల పుట్టాసింగి కొండల్లో ఉండే సవరలది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో కూర్చుని ఎవరి భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారో ఆ సవరలే. వాళ్ల ఇంటి గోడ మీద వేసే బొమ్మను ఇడితాల్ అంటారు. అందానికి వేసేది కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పెద్దలు పోయినా, పంట బాగా రావాలన్నా, ఆ కారణానికి మూలమైన దేవతకో పితరుడికో గోడ మీద ఒక ఇల్లు గీసి ఇస్తారు. కారణం లేకుండా బొమ్మ లేదు.

వేసే తీరు చూడండి. ముందు గోడకు ఎర్రమన్ను పూస్తారు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి తెల్లరంగు చేస్తారు. వెదురు పుల్ల కొస నలిపి దాన్నే కుంచె చేసుకుంటారు. ముందు చుట్టూ హద్దు గీసి, అక్కడి నుంచి లోపలికి వస్తూ నింపుతారు. చెట్లు, ఏనుగులు, గుర్రమెక్కిన వాడు, గొడుగు పట్టిన వాడు, వరుసగా చేతులు పట్టుకుని ఆడేవాళ్లు. అంతా అయ్యాక వాళ్ల పూజారి ఎజ్జోడు వచ్చి ఆ దేవతను పిలుస్తాడు. ఇల్లు నచ్చిందా, ఏమైనా తక్కువైందా అని అడుగుతాడు. ఫలానాది లేదంటే అప్పటికప్పుడు చేర్చాల్సిందే. మీ దగ్గర కూడా పని పూర్తయ్యాక చూసిపోయే కమిటీ ఉంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ తనిఖీకి వచ్చేది ఆ ఇంట్లో ఉండబోయేవారు.

ఇంకో విశేషం. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940లలో ఆ కొండలు తిరిగి రాసిన పుస్తకాలు తిరగేయండి. అప్పటికే ఆ గోడల మీదికి సైకిళ్లు, రైళ్లు, విమానాలు వచ్చేశాయి. మీ విమానాశ్రయాలకు సవర బొమ్మ అన్నది తట్టకముందే సవరలు తమ బొమ్మలోకి విమానాన్ని దింపుకున్నారు. అనుమతి అడగలేదు, ల్యాండింగ్ చార్జీ వసూలు చేయలేదు. ఇప్పుడు బదులు తీర్చుకోవడం మీ వంతు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట వస్తున్న విమానాశ్రయం ఇకమీద మాకూ దగ్గరిదే. మన్యం వీరుడి పేరు పెట్టినచోట మన్యం చేతులు గీసిన గోడ ఒకటైనా ఉండాలి కదా. జయపురం వెయిటింగ్ హాలు చిన్నదే, తొమ్మిది మందికి ఒక గోడ చాలు. అందుకని ఈ కింది కోరికలు.

ఒకటి. బొమ్మను సెక్యూరిటీ చెక్ క్యూ ఎదుట, కళ్ల ఎత్తున వేయించండి. రెండో చోటు సామాన్ల బెల్టు దగ్గర. అందరి పెట్టెలూ వచ్చి మన పెట్టె ఒక్కటీ రానప్పుడు చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. క్యూలో జనం బొమ్మ చూస్తూ నిలబడిపోతారని భద్రతా సిబ్బంది అభ్యంతరం చెప్పొచ్చు. ఇప్పుడు వాళ్లేమీ పరుగెత్తడం లేదని మనవి చేయండి.

రెండు. సవర బొమ్మ అని చెప్పి కంప్యూటర్లో గీసి స్టిక్కరు ప్రింటు అంటించేయకండి. పుల్లల్లాంటి మనుషులు కనబడితే చాలు అన్నీ ఒకటే అనుకుని మహారాష్ట్ర వార్లీని తెచ్చి మా గోడకు వేసే ప్రమాదం కూడా ఉంది. వార్లీ మనిషి ఒంట్లో రెండు త్రికోణాలు మొనలు కలుపుకుని నడుము దగ్గర స్పష్టంగా కనబడతాయి. సవర మనిషి అంత కోసుగా ఉండడు, సాగినట్టుంటాడు, ఆడామగా తేడా అంతగా తెలియదు. లాంజియా సవర చిత్రానికీ, నియమగిరి డోంగ్రియా కోందుల కపడాగండ శాలువాకీ 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు కాగితం మీద ఉండి గోడ మీద లేకపోతే ఎవరికి లాభం?

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఏ బొమ్మ బయటికి రావచ్చు, ఏది రాకూడదు అన్నది సవరలను అడిగి తెలుసుకోండి. ఇంట్లో దేవత కోసం గీసింది వేరు, కాగితం మీదా గుడ్డ మీదా అమ్మకానికి గీసేది వేరు. ఆ తేడా వాళ్లకు తెలుసు, మనకు తెలియదు. వాళ్లు ఫలానాది వద్దంటే వద్దు. డబ్బు మాత్రం గజాల లెక్కన కాంట్రాక్టరుకు కాకుండా, గీసిన చేతికి నేరుగా ఇవ్వండి. అది కూడా బొమ్మ పూర్తయిన వారంలో ఇవ్వండి, బిల్లు పాసయ్యే ఏడాదిలో కాదు.

నాలుగు. పేరు, ఊరు రాయించండి. తెలుగులో, ఒడియాలో, వాళ్లకు కావాలంటే సవర లిపి సొరంగ్ సంపెంగ్‌లో కూడా. ఆల్చెట్టు వేరు రంగుతో నేసే కోట్‌పాడ్ బట్టకు పేరు తెచ్చిన గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పేరు దేశానికి తెలిసింది. కానీ ప్రభుత్వ గోడల మీద గిరిజన కళ అని రాస్తే సరిపోతుందనే అలవాటు మాత్రం పోలేదు. విమానం నడిపే పైలటు పేరు మైకులో చెబుతారు, టికెట్టు చింపినవాడి ఛాతీ మీద పేరు బిళ్ల ఉంటుంది. ఏళ్ల తరబడి గోడ మీద ఉండబోయే బొమ్మ గీసిన మనిషికి ఆపాటి మర్యాద చేస్తే ఖజానాకు ఏ నష్టమూ లేదు.

ఈ నాలుగూ ఒప్పుకుంటే ఇక మిమ్మల్ని విసిగించను. ఒప్పుకోకపోతే ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సవరలకు సాహిబోసుమ్ అని ఒక దేవుడున్నాడు. పూర్వం దొరలు టూరు మీద వచ్చిపోతుంటే వాళ్ల వెంట వచ్చే జబ్బులు ఊళ్లో చొరబడకుండా ఆయన్ను కొలిచేవారు, టోపీ పెట్టుకున్న ఆఫీసరు కర్రబొమ్మలు చెక్కి ఊరి పొలిమేరలో నిలబెట్టేవారు. అంటే అధికారుల వల్ల కలిగే బాధకు కూడా మా వైపు ఒక బొమ్మ ఎప్పుడో సిద్ధంగా ఉంది. మీ గోడ బూడిద రంగులోనే ఉంటే, మా ఊళ్లవాళ్లు క్యూ మొదట్లో ఒక టోపీవాలాను నిలబెట్టినా నొచ్చుకోకండి. పోలికలు కుదిరాయో లేదో మాత్రం మీరే వచ్చి చూసి చెప్పాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
రాయగడ నుంచి రైలెక్కి వచ్చి విమానం పట్టుకునే ఒక పౌరుడు

నకలు: 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేసిన రాయగడ రైల్వే డివిజన్ భవనానికి గోడల రంగు తేల్చే అధికారి గారికి, ఇంకా బూడిద రంగు డబ్బాలకు ఆర్డరు పెట్టకముందే అందేలా.