పదునేడు పళ్ల శాస్త్రము

బ్రేకులు లేని ఫిక్సీలను, అనగా ఫ్రీవీలు లేని సైకిళ్లను, వీథిలో నడుపువారిపై చర్య తీసికొందుమని దక్షిణ కొరియా పోలీసువారు 2025 ఆగస్టులో ప్రకటించిరి. ఆ ప్రకటనకంటె, దానిని చదివి మా మేనల్లుడును వాని మిత్రబృందమును మా యింటి అరుగుపై కూర్చుండి వెలిగ్రక్కిన ధర్మాగ్రహమే నాచేత ఈ కలము పట్టించినది. అంతకు ముందు నెలలోనే సియోలు నగరమున ఒక బడిపిల్లవాడు పల్లపు దారిని దిగుచు, బండి నాపుకొనలేక, ప్రాణము గోల్పోయెను. అయినను ఆ ప్రకటనలో వీరి కంటికి ఆ పిల్లవాడు ఆనలేదు, ఆ పల్లము ఆనలేదు, తమ కళాస్వాతంత్ర్యమునకు కలిగిన భంగమొక్కటే ఆనినది. బ్రేకు బిగించిన సైకిలు బరువెక్కునట. దాని రేఖాలావణ్యము చెడునట. అన్నిటికంటె ఘోరమేమనగా, చూచినవారు దానిని సైకిలనుకొందురట!

ఈ మతమునకు లాఘవమే మూలసూత్రము. మా వాడు వంటయింటి త్రాసును తన గదిలోనికి తరలించుకొని, బోల్టులను, నట్టులను, పెడళ్లను, సీటు గొట్టమును విప్పి వేరువేరుగా తూచి, ఉక్కు బోల్టున్నచోట టైటేనియము బోల్టు పెట్టినచో దాని బరువు ఇంచుమించు సగము తగ్గునని కనుగొన్ననాడు, వాని ముఖమున వెలిగిన తేజస్సును వాని పరీక్షా ఫలితములు వెలువడిన యే నాడును నేను చూచి యెరుగను. స్టాండు తీసివేసినాడు, కనుక ఆ బండి నేను క్రొత్తగా రంగు వేయించిన గోడకు ఒరిగి నిలుచును. మడ్‌గార్డులు తీసివేసినాడు, కనుక వానకాలమున వాని వీపున బురద నిలువుబొట్టుగా వెలయును. బెల్లు తీసివేసినాడు. హ్యాండిల్ బారు రెండు కొనలను రంపముతో కోయించి, రెండు పిడికిళ్లును నమస్కారముద్రకు చేరువగునట్లు చేసికొన్నాడు. ఆ పిమ్మట తీసివేయుటకు మరేమియు మిగులలేదు గావున బ్రేకులు తీసివేసినాడు.

ఆ బ్రేకు, దాని మీట, దాని తీగ, మూడును కలిసి సుమారు 300 గ్రాములు. మనిషియు బండియు కలిసి 80 కిలోలనుకొన్నచో, పది నిమిషములు పట్టెడి యెక్కుడులో ఈ 300 గ్రాముల త్యాగమువలన కలిసివచ్చునది రెండు సెకన్లకు కొంచెము పైమాట. చదునుబాటమీద నిలుకడైన వేగముతో పోవునప్పుడు కలిసివచ్చునది ఇంచుమించు శూన్యము. అచ్చట మనిషి పోరాడునది గాలితో గాని బరువుతో గాదు. చక్రపు టంచున నున్న బరువు రెండింతలతో సమానమని వీరు వేదవాక్యముగా వల్లించు మాట, వేగము పుంజుకొను క్షణమున నిజమే గాని, ఆ క్షణము గడచిన తరువాత నిజము గాదు. కావున ఒక కుఱ్ఱవాడు రెండు సెకన్లు ముందుగా బంజారాహిల్సు మీదికి చేరుకొనుటకై, అక్కడినుండి క్రిందికి దిగునప్పుడు ఆగు నుపాయమును ఇంటివద్ద విడిచి పోవుచున్నాడు.

సైకిలు పందెముల మహనీయులను సాక్ష్యమునకు పిలుచుట వీరి కలవాటు. ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరమున ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిలు ఆరు కిలోలకు లోపే. దాని గొలుసుకు సైతము బెజ్జములు పెట్టించి బరువు తగ్గించిరి. దాని గేరు 52కు 14. బాగున్నది. కాని అదే గంట పరీక్షలో 2022లో ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లు తొక్కినపుడు, అతని బండిని తీర్చిన శిల్పులు గ్రాములను గాక గాలిని లెక్కించిరి; పైగా 6.8 కిలోలకు తక్కువైన బండిని పందెమునకు రానీయకూడదని అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000 నాడే నియమము చేసినందున, మెర్క్స్ తానే తిరిగివచ్చినను ఆ సైకిలును ద్వారమువద్దనే విడిచి లోనికి పోవలసి యుండును. ఈ సంగతి మా అరుగుమీది పండితులకు చెప్పగా, గన్నా గేరు 65కు 14 అను నంతవరకే విని, మరునాడే అంతటి చైనురింగు ఎచ్చట దొరకునని విచారింపసాగిరి.

ఇక వీరి దంతశాస్త్రము. సైకిలునకు గేరు నెన్నుకొనుట యనగా, ముందు పళ్లచక్రమునకు వెనుక పళ్లచక్రమునకు గల నిష్పత్తిని, తన మోకాళ్ల శక్తికిని తన యూరి మిట్టపల్లములకును తగునట్లు నిర్ణయించుకొనుట అని నేను ఇంతకాలము భ్రమపడితిని. మోకాళ్లతో గాని మిట్టలతో గాని ఈ శాస్త్రమునకు సంబంధమే లేదట. ఫిక్సీకి ఫ్రీవీలు లేదు గనుక చక్రము తిరుగుచున్నంతసేపును కాళ్లు తిరుగవలసినదే; కావున బండి ఆగవలెనన్న, రౌతు తన దేహభారమును ముందునకు వంచి, రెండు కాళ్లను ఉన్నవి ఉన్నట్లు బిగబట్టవలెను; అప్పుడు వెనుక చక్రము స్తంభించి, టైరు రోడ్డుమీద కీచుమని ఒరసికొనుచు ఈడ్వబడును. ఇది వీరి బ్రేకు. ఇచ్చటనే గణితము ప్రవేశించును. 48 పళ్లకు 16 పళ్లు పెట్టినవాని చక్రము, కాలు ఒకమారు తిరిగినచో సరిగా మూడుమార్లు తిరుగును. కాబట్టి వాడు ఒకే కాలు ముందుంచి ఎన్నిమార్లు ఈడ్చినను టైరులోని ఆ యొక్క చోటే నేలకు తగిలి, అతిశీఘ్రముగా దారములు బయటపడి, నడివీథిలో ప్రేలును.

దీనికి ప్రాయశ్చిత్తముగా వీరు కనుగొన్నది గసాభా. అవును, గరిష్ఠ సామాన్య భాజకమే. 48కిని 16కును గసాభా 16 గావున భిన్నమును సంక్షేపించినచో క్రింద మిగులునది ఒకటి. అరుగు చోటు ఒకటి. 47కు 17 పెట్టినచో గసాభా ఒకటి, క్రింద మిగులునది పదునేడు. అరుగు చోట్లు పదునేడు. పైనున్న సంఖ్య బేసి గనుక, కుడికాలు ఎడమకాలు మార్చి మార్చి ముందుంచి ఈడ్చుట కలవాటుపడిన సవ్యసాచికి చోట్లు ముప్పదినాలుగు! పదవ తరగతిలో గసాభా అన్నంతనే జ్వరము తెచ్చుకొన్న మా మేనల్లుడు, నేడు పదునేడు ప్రధానసంఖ్య యని, పందొమ్మిదియు ప్రధానసంఖ్యయే యని, పదునారు మహాపాతకమని రాత్రింబవళ్లు ఘోషించుచు, పక్కింటి పిల్లవానికి కూడ ఉపదేశించుచున్నాడు. గణితము వచ్చినదని వాని తల్లి సంతోషించుచున్నది. ఆ గణితమెందులకో ఆమెకు నేనింకను చెప్పలేదు.

ఒక టైరును ఒక్కచోట అరుగనీయక, పదునేడు చోట్ల, ఏ చోటికిని పక్షపాతము లేకుండ, సమానముగా అరుగదీయుటకు ఇంత విద్య! ఇట్టి సమసమాజము మనుష్యులలో రాలేదు గాని రబ్బరులో వచ్చినది. అంతటితో తీరునా? కాళ్లను బిగబట్టవలెనన్న పాదములు పెడళ్లకు కట్టుపడి యుండవలెను గావున పెడళ్లకు దళసరి పట్టీలు వచ్చినవి. టైరు త్వరగా అరుగును గావున దళసరి టైరు వచ్చినది. కాళ్ల బిగువునకు గొలుసు తెగకుండుటకు దళసరి గొలుసు వచ్చినది. బరువు తగ్గించుటకై తీసివేసిన బ్రేకు, ఇన్ని రూపములెత్తి, తనకంటె నెక్కువ బరువుతో మరల ఆ బండినే ఎక్కి కూర్చున్నది. త్రాసు మాత్రము అప్పటికే వంటయింటికి తిరిగి వచ్చినది, మరల తూచినవారు లేరు.

పోనీ, ఇంతచేసిన ఆ యీడ్పు బండినైనను ఆపునా? బండి ఆగునప్పుడు బరువంతయు ముందు చక్రముమీదికి ఒరగును, వెనుక చక్రము నేలపై పట్టు గోల్పోవును. ఇది ఏ సైకిలు షాపులోని పంక్చరు కుఱ్ఱవాడైనను ఎరుగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవువాడు మంచి ముందు బ్రేకుతో సుమారు ఆరు మీటర్లలో ఆగగలడు. వెనుక చక్రము నీడ్చుకొనుచు ఆగుటకు వానికి రమారమి పదునాలుగు మీటర్లు కావలెను. ఆ నడిమి ఎనిమిది మీటర్లలో ఎవరుందురు? పాలపొట్లము చేతబట్టుకొని రోడ్డు దాటుచున్న ముసలమ్మ యుండును. బడి విడిచిన పిల్ల యుండును. వారేమి పాపము చేసిరి? వారి కాలి యెముకలను పణముగా పెట్టి తన సైకిలు సౌందర్యమును కాపాడుకొను హక్కు ఈ కుఱ్ఱవానికెవడిచ్చినాడు? లండనులో 2016 ఫిబ్రవరిలో ముందు బ్రేకు లేని ఇట్టి సైకిలు గ్రుద్దుకొని రోడ్డు దాటుచున్న స్త్రీ యొకతె మరణించినది. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. గుఱ్ఱపుబండ్ల కాలమునాటి 1861 చట్టమును వెదకి పట్టుకొని, ఆ రౌతునకు పదునెనిమిది నెలల శిక్ష వేయవలసివచ్చినది. ఏ లాఘవముకొరకు? 300 గ్రాములకొరకు. ఇది కళ గాదు, స్వాతంత్ర్యము గాదు, సిగ్గులేనితనము.

జపానులో 1948 నుండి జరుగుచున్న కీరిన్ అను సైకిలు పందెములలో బ్రేకులుండవు గదా యని వీరు నన్ను నిలదీయుదురు. ఉండవు. అచ్చట అందరును ఒకే దిక్కునకు తిరుగుదురు, ఆవు అడ్డురాదు, ఆటో అకస్మాత్తుగా ఆగదు. అట్టి బాటయే కావలసినచో 2002 జాతీయ క్రీడలకై కట్టిన వెలోడ్రోము మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణముననే యున్నది; మా వాడు దానిని ఇంతవరకు చూడలేదు. ఆ జపాను పందెగాండ్రు సైతము వీథిలోనికి వచ్చినచో, ఆ దేశపు చట్టము ప్రకారము ముందు వెనుకల రెండు చక్రములకును బ్రేకులు బిగించుకొననిదే కదలరాదు.

నిజమునకు ఫిక్సీ చెడ్డ బండి గాదు. టూర్ డి ఫ్రాన్సులో అగ్రశ్రేణి పందెగాండ్రకు 1937 దాక గేరు మార్చు యంత్రము నిషిద్ధము. కొండ మొదట దిగి, వెనుక చక్రమును తిరుగవేసి, ఆవలి ప్రక్కనున్న పెద్ద పళ్లచక్రమునకు గొలుసు తగిలించుకొని వారు ఎక్కెడివారు. ఎక్కుడు కనబడినచో పళ్లు మార్చుకొనుటకు వారికి లేని సిగ్గు మన వారికెందులకో తెలియదు. మసాచుసెట్సులో సైకిలు షాపున పనిచేయుచు, ఫిక్సీని ప్రాణముగా ప్రేమించి, ఈ పళ్ల లెక్కలను లోకమునకు విప్పి చెప్పిన షెల్డన్ బ్రౌన్ 2008లో గతించువరకు వీథిలో తిరుగు ఫిక్సీకి ముందు బ్రేకు ఉండితీరవలెననియే బోధించెను. వీరు ఆయన లెక్క తీసికొని ఆయన బ్రేకును విడిచిరి.

కావున తల్లిదండ్రులకును మేనమామలకును నా విన్నపమొక్కటే. పిల్లవాడు 46కు 18 పెట్టుకొన్నను, 47కు 17 పెట్టుకొన్నను మీరు జోక్యము చేసికొనవలదు, మోకాళ్లు వానివి. కొనబోవుచున్న సైకిలు ఫోర్కు తలమీద మాత్రము ఒకమారు చేయి పెట్టి చూడుడు. బరువు తగ్గించుటకు గొలుసుకు సైతము బెజ్జములు పొడిచెడి ఈ కాలములో, పందెపు బండ్ల ఫోర్కులకు బ్రేకు బిగించుకొనుటకు కావలసిన ఆ యొక్క బెజ్జమే తరచుగా పెట్టరు. అది లేనిచో, షాపువాడు ఎంత తగ్గించి ఇచ్చినను, ఆ బండి కొనవలదు.