పోస్టింగుల పెద్దమనిషి

లీగ్ క్రికెట్ ఆడే ప్రతి ఊళ్లోనూ ఒక పోస్టింగుల పెద్దమనిషి ఉంటాడు. ఆదివారం ఏ మ్యాచ్‌కి ఏ ఇద్దరు అంపైర్లు వెళ్లాలో రాసేది ఆయనే. శుక్రవారం సాయంత్రం అయిందంటే ఫోను చెవి దిగదు. "ఆయనతో మాత్రం వెయ్యకండి సార్" అంటాడొకాయన. "నేనన్నానని అనకండి గానీ" అని మొదలుపెడతాడు ఆ రెండో ఆయన. మనవాడు ఎవర్నీ కారణం అడగడు. "చూద్దాం లెండి" అని, డైరీ చివరి పేజీలో ఆ రెండు పేర్ల మధ్య ఎర్ర గీత గీసుకుంటాడు. పెళ్లిళ్ల పేరయ్యకైనా జాతకాలు కలవలేదని చెప్పుకునే వీలుంది. ఈయన మాత్రం "ఆ గ్రౌండు మీకు దూరమని మార్చానండీ" అని ప్రతివారం కొత్త అబద్ధం వెతుక్కోవాలి.

ఇదంతా ఆయన మంచితనమే, కాదనలేం. అయితే తగాదాలను పెంచి పోషిస్తున్నది కూడా ఆ మంచితనమే. లెక్క చూడండి. 12 మంది అంపైర్లుంటే 66 జతలు. వాళ్లందర్నీ ఆరు జతలుగా సర్దడానికి 10,395 దార్లు. ఎర్ర గీతలు పెరిగి పెరిగి, ఆయన ఏళ్ల తరబడి వాడుతున్నది అందులో ఒక్కటే. దాంతో స్నేహితుడి పక్కన ఎప్పుడూ స్నేహితుడే నిలబడతాడు. ఒకడు తప్పు చేస్తే రెండోవాడు తల ఊపుతాడు. పడనివాళ్లు మళ్లీ ఎదురుపడరు గనక, ఎప్పటిదో ఒక నోబాల్ గొడవ ఊరగాయలో ముక్కలా ఊరుతూనే ఉంటుంది.

పడనివాళ్లను కలిపితే మ్యాచ్ పాడవదా అంటారు. పాడవొచ్చు. ఓవర్లో రెండు బంతులు మిగిలినప్పుడు బౌలర్ వైపు అంపైరు గుండె మీద రెండు వేళ్లు ఆనించి స్క్వేర్ లెగ్ వైపు చూస్తాడు. అక్కడాయన కావాలని మబ్బులు చూస్తుంటే ఓవర్‌కి ఏడు బంతులు పడతాయి, పైగా అంపైరు లెక్క తప్పినా అదే చెల్లుతుంది! 1980 నాటి నిబంధనల్లో, అంపైర్లు విభేదిస్తే ఉన్న పరిస్థితే కొనసాగాలని ఉండేది. ఇప్పుడు ఇద్దరూ కలిసి తేల్చాలి. మాటల్లేని ఇద్దరు ఎలా తేలుస్తారో నిబంధనలు రాసినవాళ్లు చెప్పలేదు. అందుకే ఆటగాళ్ల ముందే వాదులాడుకున్న జతని ఒక సీజన్ విడదీయడం సబబే. కానీ టీ తాగేటప్పుడు పలకరించలేదనో, బండి మీద ఎక్కించుకోలేదనో వచ్చిన అలకకు అదే మందు వేస్తే ఎలా?

జతని విడదీసిన కారణం అందరికీ కనబడేలా రాసిపెడితే అంపైర్ల పరువు పోతుందని పెద్దమనిషి భయం. 2002లో టెస్టులకు ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాలవాళ్లే ఉండాలని ఐసీసీ పెట్టినప్పుడు అది అందరికీ తెలిసిన నియమమే. దానివల్ల స్వదేశీ అంపైర్లెవరూ దొంగలైపోలేదు. నియమం బయట ఉంటే అవమానం ఎవరి ఇంటికీ ప్రత్యేకంగా రాదు. గుసగుసకే పరువు పోతుంది.

ఇక మిగిలింది చిన్న ఊళ్ల సంగతి. నలుగురే అంపైర్లు, రెండు మ్యాచ్‌లు. జతలుగా సర్దడానికి దార్లు మూడే. ఒక్క ఎర్ర గీత పడితే రెండు మిగులుతాయి. అందులో ఒకదాంట్లో మన పెద్దమనిషి బావమరిది, బావమరిది పాలివాడు కలుస్తారు. ఆ గీత మాత్రం డైరీలో ఉండదు, ఇంట్లోంచే వస్తుంది.